నాడి లేని చంద్రభాగ

అద్దాన్ని బియ్యం డబ్బాకు ఆనించి, దాని ముందు పీట వేసుకుని కూర్చుంది చంద్రభాగ. కుచ్చిళ్ళు కాస్త కిందికి జార్చి, జాకెట్టు అంచు పైకి మడిచి, పొట్ట కుడివైపు అతికించి ఉన్న పాత కట్టును వేలి కొసతో మెల్లగా లేపుతోంది. ముఖానికి మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు. కట్టు ఊడి వచ్చాక, బొడ్డుకు జానెడు దూరంలో చిన్న రంధ్రమూ అందులోంచి బయటికి వచ్చిన తెల్లటి తీగా అద్దంలో కనిపించాయి. చిటికెన వేలికన్నా సన్నగా ఉంటుందా తీగ. లోపల ఆమె గుండె కొసకు అమర్చిన పంపుకు కరెంటు అందేది దానిలోంచే. నాలుగేళ్ళుగా అట్లాగే అందుతోంది.

గడప దగ్గర ప్రతీక్ష రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. చెయ్యి పెట్టకూడదని తల్లి షరతు.

"ఎర్రగుందా?" అని అడిగింది ప్రతీక్ష.

"లేదు. వాపు లేదు, చీము లేదు."

"వాసన?"

"మాస్కు పెట్టుకున్నంక వాసన ఎట్ల తెలుస్తదే?"

ప్రతీక్షకు నవ్వొచ్చింది కానీ పెదవి బిగబట్టింది. చంద్రభాగ పాత తొడుగులు తీసి, చేతులు కడుక్కుని, కొత్త తొడుగులు వేసుకుంది. మందులో తడిసిన దూదిని రంధ్రం దగ్గర మొదలుపెట్టి గుండ్రంగా బయటికి తుడిచింది. మళ్ళీ వెనక్కి రానివ్వలేదు. ఆరనిచ్చింది. పొడి గాజుగుడ్డ పెట్టి, పైన అంటుకునే కాగితం పరిచి, తీగ లాగకుండా పక్కటెముకల మీద ఒక పట్టీ వేసింది. చెమట పట్టిన నుదుటితో కూతురి వైపు తిరిగింది.

"ఎన్ని మార్కులిస్తవ్?"

"పదికి ఎనిమిది. కాగితం ఒక మూలకు ముడత పడ్డది."

"ముడత పడ్డా పట్టుకుంటది. సోమారం నాటికి అదీ నేర్చుకుంట."

ఆ రోజు గురువారం. సోమవారం ప్రతీక్ష పుణెలో ఒక పెద్ద దవాఖానలో నర్సుగా చేరాలి. ఆ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు దాటింది. వారం పాటు ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు ప్రతీక్ష. ఒకరోజు ఆమె స్నేహితురాలు తృప్తి ఇంటికొచ్చి, టీ తాగుతూ, "పుణెకు ఎప్పుడు పోతున్నవ్?" అని నోరు జారితే చంద్రభాగకు తెలిసింది. తృప్తి వెళ్ళాక చంద్రభాగే అంది: "నా కట్టు నేను కట్టుకుంట. నువ్వు పో." ప్రతీక్ష ఒప్పుకోలేదు. మరునాడూ ఒప్పుకోలేదు. పంపు ఉన్న మనిషి ఇంట్లో ఒంటరిగా ఉండకూడదని డాక్టర్లు రాసిచ్చిన కాగితం తెచ్చి చూపించింది. చంద్రభాగ ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టి, ఆ సాయంత్రమే, తనతో పనిచేసే ఉమాబాయిని వచ్చి తోడుండమని ఇంటికి పిలిచింది.

బట్టలు కట్టుకోవడం ఆమెకు పెద్ద పని. మునిగి స్నానం చెయ్యకూడదు, తడి గుడ్డతో ఒళ్ళు తుడుచుకోవాలి. గోదావరి ఊరి పక్కనే పారుతున్నా నాలుగేళ్ళుగా మెట్ల మీద కూర్చుని కాళ్ళు తడుపుకోవడమే తప్ప మునిగింది లేదు. తుడుచుకున్నాక, పాత నూలు చీర చింపి తనే కుట్టుకున్న చేతుల్లేని జాకెట్టు తొడుక్కుంటుంది. దానికి రెండు చంకల కిందా రెండు సంచులు. ఒక్కో సంచిలో అర్ధకిలో బరువున్న బ్యాటరీ. నడుము దగ్గర ఇంకో సంచిలో అరచేతి వెడల్పు పెట్టె. దాని మీద ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. డాక్టర్లు దానికి ఏదో పేరు చెప్పారు కానీ ఆమె 'డబ్బా' అనే అంటుంది. వీటన్నిటి మీద చీర, చీర మీద రైల్వే వాళ్ళిచ్చిన నీలం కోటు. దూరం నుంచి చూస్తే కాస్త ఒళ్ళు చేసిన నలభై ఏడేళ్ళ ఆడమనిషి, అంతే.

ప్రతీక్ష స్కూటీ మీద దింపింది. స్టేషను ముందు, గురుద్వారాకు వచ్చిన పంజాబు యాత్రికులతో నిండిన ఆటోల మధ్య దారి చేసుకుని ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి నడిచింది చంద్రభాగ. నాందేడు స్టేషనులో ఆడవాళ్ళ వెయిటింగు రూము ఆమె ఉద్యోగం. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా.

ఈ పని ఆమెకు గుండె జబ్బు చేశాక వచ్చింది. అంతకు ముందు ముద్ఖేడులో ప్లాట్‌ఫారాలు ఊడ్చేది. ఆ ఉద్యోగం కూడా ఆమె కోరుకున్నది కాదు. నాందేడు జిల్లాలోనే హిమాయత్‌నగర్ పక్క ఊళ్ళో పత్తి చేలల్లో పెరిగిన పిల్ల. రైలు పట్టాల మీద పనిచేసే భోజన్నకు ఇచ్చి చేశారు. భోజన్న మాటకారి, పాటగాడు కూడా. ప్రతీక్షకు తొమ్మిదేళ్ళప్పుడు, వానాకాలం పొద్దున్నే పట్టాలు చూసుకుంటూ నడుస్తున్న మనిషి పాము కరిచి చనిపోయాడు. ఆ కొలువు బదులు భార్యకు చీపురు చేతికిచ్చింది రైల్వే. ఆమె ఏడుస్తూనే చేరింది, ఏడుపు ఆగాక పని నచ్చింది. బండి వెళ్ళిపోయిన తరవాత ఖాళీ ప్లాట్‌ఫారాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు ఊడ్చి వెనక్కి తిరిగి చూసుకోవడం ఆమెకు ఇష్టంగా ఉండేది.

ఆరేళ్ళ కింద ఆయాసం మొదలైంది. మొదట పట్టాల మీది వంతెన మెట్లు ఎక్కుతుంటే మధ్యలో ఆగాల్సి వచ్చేది. తరవాత చీపురు పట్టుకుని పది అడుగులు వేసినా ఆగాల్సి వచ్చేది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. పడుకుంటే నీళ్ళల్లో మునిగినట్టు ఉండేది, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. రైల్వే దవాఖాన వాళ్ళు సికింద్రాబాద్ పంపించారు, అక్కడి నుంచి ఇంకో పెద్ద దవాఖానకు. గుండె మార్చాలన్నారు. ఇచ్చేవాళ్ళ గుండె దొరికేదాకా ఆగే ఓపిక ఆమె గుండెకు లేదన్నారు. అందుకని పంపు పెట్టారు.

"మా నాయిన బాయి కాడ మోటరు పెట్టిండు, సారు నా గుండె కాడ పెట్టిండు," అని మొదట్లో అందరికీ చెప్పి నవ్వేది. ఆ నవ్వు వెనక ఎంత భయం ఉండేదో ప్రతీక్షకే తెలుసు. పద్దెనిమిదేళ్ళ పిల్ల అప్పుడు. సికింద్రాబాద్‌లో పది రోజులు నర్సుల పక్కన నిలబడి కట్టు కట్టడం, బ్యాటరీలు మార్చడం, డబ్బా మోగితే ఏం చెయ్యాలో నేర్చుకుంది. తిరిగొచ్చాక నర్సింగులోనే చేరింది.

వెయిటింగు రూములో చంద్రభాగ చేసేది పెద్ద పనేమీ కాదు. వచ్చిన వాళ్ళ టికెట్టు చూసి పుస్తకంలో పేరు, నంబరు రాయించుకోవాలి. కుర్చీలు తుడవాలి, నీళ్ళ గది శుభ్రంగా ఉందో లేదో చూడాలి, మగవాళ్ళు లోపలికి రాకుండా చూడాలి. కానీ కొన్నేళ్ళుగా నాందేడు మీదుగా తిరిగే ఆడవాళ్ళకు ఆమె బాగా తెలుసు. చీర చిరిగితే సూదీ దారం ఆమె దగ్గర ఉంటాయి. నెల తప్పిన పిల్లకు వాంతి వస్తుంటే అల్లం ముక్క ఉంటుంది. బండి ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో మైకు కన్నా ముందు చెబుతుంది. తెలుగు వాళ్ళతో తెలుగు, మరాఠీ వాళ్ళతో మరాఠీ, పంజాబు వాళ్ళతో ఆమెకే సొంతమైన ఒక హిందీ.

ఆ పొద్దున అమృత్‌సర్ పోయే సచ్‌ఖండ్ బండి వెళ్ళిపోయాక గది ఖాళీ అయింది. ఒక్క పడుచుపిల్ల మాత్రం మిగిలింది. మూడు నెలల పసివాడిని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పాలు పట్టింది, జోకొట్టింది, కిటికీ దగ్గర రైలింజను చూపించింది. ఆగలేదు. ఆ పిల్ల కళ్ళల్లో కూడా నీళ్ళు తిరుగుతున్నాయి.

"పేరేంది బిడ్డా?" అంది చంద్రభాగ.

"ప్రణాలి."

"నీది కాదమ్మా, పిలగానిది."

"ఇంక పెట్టలే. అమ్మగారింటి కాడికెళ్ళి మా ఊరికి పోతున్న. అక్కడ పెడతరు."

"ఇటియ్యి."

చంద్రభాగ పిల్లవాడిని తీసుకుని ఎడమవైపు రొమ్ముకు ఆనించుకుంది. వాడి కాలు తీగకు తగలకుండా కొంగు మడత పెట్టింది. పిల్లవాడు రెండు సార్లు ఎగపోసి, చెవి ఆమె ఛాతీకి అదిమి, ఏదో వింటున్నట్టు కళ్ళు పెద్దవి చేశాడు. తరవాత మూశాడు.

ప్రణాలి ఆశ్చర్యంగా చూసింది. "ఏం జేసినవ్ పెద్దమ్మా?"

"నేనేం జెయ్యలే. లోపల ఒక చప్పుడుంటది. పిల్లలకు మంచిగనిపిస్తది. నువ్వూ ఇను."

ప్రణాలి మొహమాటపడుతూనే వంగి చెవి పెట్టింది. అందరి గుండెల్లో ఉండే దడదడ లేదు. దూరంగా ఎక్కడో తేనెపట్టు ఉన్నట్టు, ఆగని సన్నటి రొద. మణికట్టు పట్టుకుని చూడమంది చంద్రభాగ. ఎంతసేపు పట్టుకున్నా నాడి దొరకలేదు. పంపు రక్తాన్ని విడతలు విడతలుగా కొట్టదు, కాలువలో నీళ్ళలా ఒకే ధారగా పంపుతుంది, అందుకే నాడి ఉండదు అని చెప్పింది. ఒకసారి ఈ గదిలోనే ఎండకు కళ్ళు తిరిగి పడిపోతే, బండి కోసం కూర్చున్న ఒక లేడీ డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, "గయీ, పోయింది" అని అందరినీ బయటికి పంపేసిందని, అంతలో తను లేచి నీళ్ళడిగిందని చెప్పింది. ప్రణాలి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పిల్లవాడు నిద్రలో ఉలిక్కిపడి మళ్ళీ సర్దుకున్నాడు.

వాళ్ళ బండి వచ్చేదాకా, గంటకు పైగా, చంద్రభాగ పిల్లవాడిని దించలేదు.

వాడి వెచ్చటి తల ఛాతీ మీద ఉన్నంతసేపూ ఆమెకు పోయిన నెల సికింద్రాబాద్‌లో జరిగిందే గుర్తొస్తూ ఉంది. ఆరు నెలలకోసారి పోయే పరీక్ష అది. చీకటి గదిలో మంచం మీద పక్కకు తిరిగి పడుకుంటే, డాక్టరు ఛాతీ మీద చల్లటి జిగురు రాసి యంత్రం ఆనించాడు. తెర మీద ఆమె గుండె కనిపించింది. నెరిసిన జుట్టున్న ఆ డాక్టరుకు తొందర తెలియదు. కుర్చీ దగ్గరికి లాక్కుని తెర మీద వేలు పెట్టి చూపించాడు.

"నాలుగేళ్ళ కింద ఈ ఎడమ గది సాగిపోయిన సంచిలా ఉండేదమ్మా. అడ్డంగా ఏడు సెంటీమీటర్లు. సంచి నిండేది కానీ పిండలేకపోయేది. రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలబడేది, అదే మీ ఆయాసం. పంపు ఆ రక్తాన్ని ఎప్పటికప్పుడు తోడి పెద్ద నాళంలోకి పంపిస్తోంది. బరువు దిగేసరికి గది చిన్నగయింది. ఇప్పుడు ఐదున్నర."

"అంటే మంచిదేనా సారూ?"

"మంచిదే. ఇంకోటి చూడండి." తెర మీద తెల్లటి పొరలాంటిదేదో రెపరెపలాడింది. "ఇది గుండె వాకిలి. పంపు వచ్చిన కొత్తల్లో అసలు తెరుచుకునేది కాదు, పనంతా పంపే చేసేది. ఇప్పుడు రెండు మూడు దెబ్బలకోసారి తెరుచుకుంటోంది. మీ గుండె సొంతంగా కొంత పంపిస్తోందన్నమాట."

తరవాత ఆయన పంపు వేగం తగ్గిస్తానన్నాడు. కొన్ని నిమిషాలే. రక్తం పల్చబడే మందు సరిపడా ఉందో లేదో ముందే చూశారు. ఇబ్బందైతే వెంటనే చెప్పాలన్నాడు. నర్సు ఏవో మీటలు నొక్కింది. ఛాతీలోని రొద సన్నగిల్లింది. చంద్రభాగకు మొదట భయమేసింది. తరవాత చెవుల్లో మెల్లగా, ఎప్పుడో మరిచిపోయిన చప్పుడు వినిపించింది. దబ్... దబ్... అని.

ప్రతీక్ష అప్పటికే తల్లి మణికట్టు పట్టుకుని ఉంది. ఆమె ముఖం ఒక్కసారి మారిపోయింది.

"అమ్మా, దొరికింది."

"ఏంది?"

"నాడి."

ప్రతీక్ష రెండు వేళ్ళూ అట్లాగే ఉంచి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. ఆరు నిమిషాలు గడిచాయి. చంద్రభాగకు ఊపిరి కాస్త బరువెక్కడం చూసి డాక్టరు చాలన్నాడు. వేగం మళ్ళీ పెంచారు. నాడి పలచబడి, పలచబడి, కూతురి వేళ్ళ కింది నుంచి పోయింది. అప్పుడు ఏడ్చింది ప్రతీక్ష. నాలుగేళ్ళల్లో తల్లి ముందు ఏడవడం అదే మొదటిసారి.

"ఎందుకేడుస్తవ్? ఉన్నది గదా లోపల. ఎటు వోతది?" అంది చంద్రభాగ.

పంపు తీసేసేంత బలం ఇంకా రాలేదని, వస్తుందని మాట ఇవ్వలేనని, ఏడాది చూద్దామని డాక్టరు చెప్పాడు. గుండె కుడివైపుకు పంపు సాయం లేదు, అది తన కష్టం తనే పడాలి, ఒంట్లో నీరు దింపే గోళీ మానొద్దన్నాడు. తలనొప్పి, మాట తడబడటం లాంటివి వస్తే ఆలస్యం చెయ్యొద్దని ఎప్పటిలాగే హెచ్చరించాడు. చంద్రభాగ అన్నీ విన్నది. కానీ ఇంటికి తెచ్చుకున్నది ఒక్క మాటే. తన గుండె మళ్ళీ పని నేర్చుకుంటోంది. మరి తను నేర్చుకోవడానికేం? ఆ వారమే బియ్యం డబ్బాకు అద్దం ఆనించింది.

ఒంటిగంటకు ఉమాబాయి వచ్చింది. ఇదే గదిలో సాయంత్రం డ్యూటీ ఆమెది. బిలోలి వైపు మనిషి, మరాఠీ ఎంత వచ్చో తెలుగూ అంతే వచ్చు. వయసులో చంద్రభాగ కన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. భర్త పోయాక కొడుకు ఇంట్లో వరండాలో మంచం వేసుకుని ఉంటోంది. "నా ఇంట్ల రెండర్రలున్నయ్, ఒకటి నీది" అని చంద్రభాగ అన్నప్పుడు ఆమె మారు మాట్లాడకుండా సరే అంది. ఆ రోజు చేతిలో అన్నం గిన్నెతో పాటు, పక్కన కూలీ బాబురావు నెత్తి మీద ఆమె ఇనప పెట్టె కూడా వచ్చింది.

"అప్పుడే అచ్చినవా ఉమక్కా? సోమారం గదా."

"సోమారం దాంక ఆగుతె కోడలు మనసు మారుతది. ఇయ్యాల్నే మంచిగ పంపించింది."

ఇద్దరూ మూలన కూర్చుని తిన్నారు. జొన్నరొట్టె, పప్పు, పుంటికూర. పుంటికూరను ఉమాబాయి ఒక్క చెంచా కొలిచి వేసింది. ఆకుకూర ఎక్కువైతే రక్తం పల్చబడే మందు పనిచెయ్యదని ప్రతీక్ష నేర్పిన పాఠం.

"ఇంకొంచెం ఎయ్యరాదు?"

"ఎయ్య. నీ బిడ్డకు మాటిచ్చిన."

తింటూనే ఉమాబాయి పరీక్షకు తయారయింది. జాకెట్టులోంచి నాలుగు మడతలు పెట్టిన అట్టముక్క తీసింది. దాని మీద మరాఠీలో పెద్ద అక్షరాలతో ఆమె రాసుకున్నది ఉంది. "పసుపు దీపం వెలిగితే ప్రతీక్షకు ఫోను. ఎర్ర గుండె బొమ్మ వెలిగి ఆగకుంట మోగితే, ముందుగాల తీగలు బిగియ్యాలె, బ్యాటరీలు సూడాలె, అంబులెన్సును పిలవాలె. ఒర్రొద్దు." అరవొద్దన్న ఆ చివరి మాట ప్రతీక్ష రాయించింది కాదు, ఉమాబాయి తనకు తానే రాసుకుంది. చంద్రభాగ నవ్వి నవ్వి రొట్టె గొంతుకు అడ్డం పడి నీళ్ళు తాగింది.

"నవ్వు, నవ్వు. పొద్దుగాల నాలుగ్గొట్టంగ లేచి బట్టిపడుతున్న."

"నిన్ను జూస్తె చిన్నప్పుడు బడికి పోయినవా అనిపిస్తది."

"రెండో తరగతి దాంకనే పోయిన. గందుకే ఇప్పుడు వోతున్న."

అన్నం తిని, ఉమాబాయి చంద్రభాగ దగ్గర ఇంటి తాళంచెవి తీసుకుని పెట్టెతో వెళ్ళింది. నాలుగింటికి డ్యూటీకి వస్తానంది. చంద్రభాగ ప్రతీక్షకు ఫోను చేసి చెప్పింది. ప్రతీక్ష కాలేజీలో సర్టిఫికెట్లు తీసుకుంటోంది.

"ఉమక్క అచ్చింది. పెట్టె సుత తెచ్చుకుంది. ఇగ నీకు బహానా లేదు."

"అమ్మా, నాకు చీరలు రెండియ్యి," అంది ప్రతీక్ష. "అక్కడ ఎప్పుడన్న కట్టుకుంట."

"ఏవి గావాలె?"

"నీ ఇష్టం. వాడినయే."

ఫోను పెట్టేశాక చంద్రభాగ చాలాసేపు చీరల గురించే ఆలోచించింది. ఆకుపచ్చది ఇవ్వాలా, భోజన్న తెచ్చిన వంగపండు రంగుది ఇవ్వాలా అని. వంగపండు రంగుది అంచు చిరిగింది కానీ మెత్తగా ఉంటుంది. రెండూ ఇద్దామనుకుంది.

మూడింటికి కిన్వట్ వైపు నుంచి వచ్చిన బండిలో ఒక ముసలామె దిగింది. నెత్తి మీద గంప, గంప నిండా సీతాఫలాలు. పర్భణీలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోతోందట. గంప నేల మీద దించి, నీళ్ళ గదికి పోయి వచ్చేదాకా చూస్తుండమంది. వచ్చాక కుర్చీలో కూర్చోకుండా నేల మీదే చతికిలబడి, అడివిలో ఈ ఏడు కాపు బాగుందని, కోతులు మిగిల్చినవే తెచ్చానని చెప్పుకొచ్చింది. ఆమె బండి వచ్చినప్పుడు చంద్రభాగ గంపకు ఒక చెయ్యి వేసి లేపబోతే, ఆమె ఒప్పుకోలేదు. "నువ్వు నీరసంగున్నవ్" అని తనే ఎత్తుకుంది. వాకిట్లో ఆగి, గంపలోంచి ఒక కాయ వెతికి తీసి చంద్రభాగ చేతిలో పెట్టింది.

"ఇంక కండ్లు ఇప్పలే. రెండొద్దులు ఆగు, పండుతది."

చంద్రభాగ కాయను కిటికీ గట్టు మీద, ఎండ పడని వైపు పెట్టింది. గది ఖాళీగా ఉంది. పుస్తకంలో ఆ రోజు పేర్ల కింద గీత గీసింది. కుర్చీలన్నీ ఒకసారి తుడిచింది. మూడున్నర దాటుతుండగా తల వెనక భాగాన ఎవరో రెండు చేతులతో గట్టిగా పట్టినట్టయింది. నిలబడలేక, గోడ పక్క కుర్చీలో కూర్చుంది. ప్రతీక్షకు ఫోను చెయ్యాలనుకుంది. ఫోను బల్ల మీద ఉంది, బల్ల నాలుగు అడుగుల దూరంలో ఉంది. కాసేపు ఆగి లేద్దామనుకుని తల గోడకు ఆనించింది. బయట ఏదో గూడ్సు బండి నింపాదిగా పోతోంది. చిన్నప్పటి అలవాటు కొద్దీ పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఉమాబాయి నాలుగింటికి పది నిమిషాల ముందే వచ్చింది. చంద్రభాగ గోడకు తల ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోంది. "చెల్లె" అని మెల్లగా పిలిచింది. పలకలేదు. మణికట్టు పట్టుకుని చూసింది, నాడి లేదు. ఉండదని ఆమెకు తెలుసు. డబ్బా మీద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. వంగి ఛాతీకి చెవి పెట్టింది. తేనెపట్టు రొద ఎప్పటిలాగే ఉంది. అట్టముక్క మీద రాసినవేవీ జరగలేదు. పాపం, పొద్దున్నే లేచి తన కట్టు తనే కట్టుకుంది, అలిసిపోయింది అనుకుంది. ఫ్యాను గాలి ముఖానికి సూటిగా తగలకుండా స్పీడు తగ్గించి, జారిన కొంగు సర్ది, చప్పుడు కాకుండా నీళ్ళ గది కడగడానికి వెళ్ళింది.

ప్రతీక్ష నాలుగుంబావుకు వచ్చింది. చేతిలో సర్టిఫికెట్ల కవరు ఉంది. ఉమాబాయి వేలు పెదవుల మీద పెట్టి, "పండుకుంది, లేపకు" అంది. ప్రతీక్ష రెండడుగులు వేసి ఆగింది. తరవాత గబగబా పోయి తల్లి ముక్కు దగ్గర చేతి వెనకభాగం పెట్టింది. కనురెప్ప ఎత్తి చూసింది. కవరు ఎప్పుడు కింద పడిందో ఆమెకు తెలియదు. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, తల్లి ఛాతీకి చెవి పెట్టింది. చాలాసేపు అట్లాగే ఉంది.

"మోగలే బిడ్డా," అంది ఉమాబాయి. ఆమెకు ఇంకా అర్థం కాలేదు. "డబ్బా మోగలే. నేను సూసిన."

"అది మోగదు ఉమత్తా. దానికేం గాలే."

రైల్వే దవాఖానలో డాక్టరు చూసి, మెదడులో రక్తం చిమ్మి ఉంటుందన్నాడు. రక్తం పల్చగా ఉంచాల్సిన వాళ్ళకు ఈ గండం ఎప్పుడూ ఉంటుందని, ఎవరు పక్కన ఉన్నా ఆపగలిగేది కాదని ఉమాబాయి వైపు చూసి చెప్పాడు. ఆ మాట ఆమె కోసమే రెండుసార్లు చెప్పాడు. పంపు ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని ఎట్లా ఆపాలో సికింద్రాబాద్ నుంచి ఫోనులో చెప్పారు. నర్సు ముందుకొస్తే ప్రతీక్ష వద్దంది.

"నేనే తీస్త."

ఒక బ్యాటరీ తీసింది. రెండోదీ తీసింది. డబ్బా గట్టిగా మోగింది. చెప్పిన మీట చెప్పినంతసేపు నొక్కి పట్టుకుంది. మోత ఆగాక మళ్ళీ ఒకసారి తల్లి ఛాతీ మీద చెవి పెట్టింది. తరవాత పొట్ట మీది కట్టు చూసింది. పొద్దున వేసిన పట్టీ ఎక్కడా ఊడలేదు. ముడత పడిన మూలను బొటనవేలితో అదిమి సరిచేసింది.

మరునాడు గోదావరి ఒడ్డున దహనం జరిగింది. ముద్ఖేడు నుంచి పాత జతగాళ్ళు వచ్చారు, హిమాయత్‌నగర్ నుంచి అన్నదమ్ములు వచ్చారు. పుణె దవాఖాన వాళ్ళు ప్రతీక్షకు ఒక నెల గడువిచ్చారు. ఉమాబాయి ఇనప పెట్టె ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ప్రతీక్ష పోనివ్వలేదు, ఆమె కూడా పోతాననలేదు.

శనివారం ఉమాబాయి పొద్దుటి డ్యూటీకి వచ్చి, శుక్రవారమంతా మూసి ఉన్న గది తలుపు తీసింది. పుస్తకం తెరిచి, గురువారం నాటి గీత కింద కొత్త తేదీ వేసింది. అమృత్‌సర్ బండికి పోయే ఆడవాళ్ళు గుంపుగా లోపలికి వస్తూ, "చంద్రా మౌసీ కహాఁ?" అని, చంద్ర పిన్ని ఏదని అడిగారు. ఆమె జవాబు చెప్పి, వాళ్ళ పేర్లు రాయించుకుని, గుడ్డ తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది. గట్టు మీద సీతాఫలం ఒక్కటే ఉంది, మెత్తబడి, కళ్ళన్నీ విప్పుకుని.